మా తాత ఎడమ భుజం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నొప్పికి ఒక వేళ ఉండేది. రాత్రి అన్నాలు తిని, గిన్నెలు కడిగి బోర్లించి, అందరం పడుకోబోయే సమయానికి మా తాత కాళ్ళు మండడం మొదలుపెట్టేవి. పగలంతా ఊరుకున్నవి, ఆ వేళకు డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవి. మిరపకాయలు నూరిన రోట్లో కాళ్ళు పెట్టినట్టుంది అనేవాడు ఒకరోజు. ఎముక లోపల చీమలు బారులు తీరి పోతున్నాయి అనేవాడు ఇంకోరోజు. మా అవ్వ బొక్కెనలో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టేది. ఆయన రెండు కాళ్ళూ అందులో పెట్టుకుని, వీధిలో వాళ్ళందరి నడకలూ మాటలూ అనుకరించి నన్నూ మా తమ్ముణ్ణీ నవ్వించేవాడు. నిద్రపట్టే దాకా మాకు నవ్వు, తెల్లారే దాకా ఆయనకు మంట. ఈ ఏర్పాటు మాకు చాలా బాగుండేది.

ఇది తొంభైల మొదటి సంవత్సరాల మాట. మాది మదనపల్లెలో నేతవాళ్ళ వీధి. ముందుగదిలో సగం మగ్గానిది, మిగిలిన సగంలో మేము ఉండేవాళ్ళం. మా తాత పట్టుచీరలు నేసేవాడు. గుంత మగ్గం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నేలలో గుంత తీసి ఉంటుంది. నేసే మనిషి దాని గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు చెక్కలను మార్చి మార్చి తొక్కాలి. చేతులు చేసే పని వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది. మెచ్చుకుంటే చేతులనే మెచ్చుకుంటారు. కాళ్ళు ఆ చీకట్లో తమ పని తాము చేసుకుంటాయి. ఏ చెక్క ఎక్కడుందో, ఎంత తొక్కాలో వాటికే తెలియాలి. కళ్ళు సాయం రావు.

చక్కెర జబ్బు ఆయనకు ఎప్పుడు వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా వంశంలో ఏది పంచుకోవాలన్నా గొడవలే. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ అడక్కుండానే అందరికీ సమానంగా వచ్చింది. మా తాత మాత్రలు వేసుకునేవాడు, జ్ఞాపకం ఉన్న రోజున. కాఫీలో చక్కెర మానేశాడు. బెల్లం వేసుకునేవాడు. జబ్బు పేరు చక్కెర జబ్బే గానీ బెల్లం జబ్బు కాదు గదా అని ఆయన వాదన. దాన్ని కాదనగలిగినంత చదువుకున్నవాళ్ళు అప్పట్లో మా ఇంట్లో ఎవరూ లేరు. మా నాయిన ఒక ఆఫీసులో అటెండరు. ఆయనకు ఆఫీసు తాళాలు తెలుసు గానీ ఒంటి సంగతులు తెలియవు.

ఒక ఎండాకాలం మొదట్లో ఆ మంట తగ్గడం మొదలైంది. ముందు కొద్దికొద్దిగా, తర్వాత పూర్తిగా. బొక్కెన మళ్ళీ బావి దగ్గరికి పోయింది. మా తాత గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఆ గురక విని మా అవ్వ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఇంట్లో ఆ రాత్రి నవ్వులు తగ్గిపోయాయని నాకు కొంచెం కష్టంగా ఉండేది. ఆ మాట బయటికి అనకూడదనే తెలివి మాత్రం ఉండేది.

అదే కాలంలో ఇంకో రెండు సంగతులు జరిగాయి. మేము వాటిని తమాషాలనే అనుకున్నాం. మా తాత అంగడికి రెండు చెప్పులతో పోయి ఒక చెప్పుతో వచ్చేవాడు. రెండోది వీధి మొదట్లో పడి ఉండేది. కాలి నుంచి చెప్పు జారిపోతే మనిషికి తెలియకుండా ఉంటుందా అని ఎవరం అడగలేదు. ఎవరో ఒకరం పరిగెత్తి పోయి తెచ్చేవాళ్ళం. రెండో సంగతి మగ్గం. ఆయన నేతలో తప్పులు రావడం మొదలైంది. ఒకరోజు ఎక్కణ్ణుంచో గజ్జెలు తెచ్చి, తొక్కే చెక్కలకు కట్టాడు. ఒకదానికి పెద్దవి, ఇంకోదానికి చిన్నవి. ఏ చెక్క దిగితే ఆ చప్పుడు. వీధిలో పిల్లలందరూ మా గడప దగ్గర చేరేవాళ్ళు. ముసలోనికి ఈ వయసులో ఆట నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది అని మా అవ్వ వేళాకోళం చేసేది. కాళ్ళు చెప్పవలసిన సంగతిని ఆయన చెవులతో వింటున్నాడని మాలో ఒక్కరికి కూడా తట్టలేదు. ఆయనకు తట్టిందా అంటే, తట్టే ఉంటుంది. గజ్జెలు కట్టింది ఆయనే కదా.

మా అవ్వ పుట్టిల్లు పుంగనూరు. అందువల్ల మా ఇంట్లో ఏ మొక్కు అయినా పుంగనూరు గంగమ్మకే పోయేది. మదనపల్లె దేవుళ్ళకు మా అవ్వ దగ్గర అంత పలుకుబడి లేదు. కాళ్ళ మంట తగ్గితే ఆ కాళ్ళనే నీ దగ్గరికి నడిపిస్తానని ఆమె ఎప్పుడో మొక్కుకుందట. ఊరి మొదట్లో బస్సు దిగి, చెప్పుల్లేకుండా గుడిదాకా నడిచి, పొంగలి పెట్టాలి. మంట తగ్గింది. బాకీ పడ్డాం. ఒక ఆదివారం మా అవ్వ, మా తాత, నేను పుంగనూరు బస్సెక్కాం. అప్పుడు నేను రెండో తరగతి. మా అవ్వ కొత్త కుండ, బియ్యం, పెసరపప్పు మూటగట్టుకుంది. మా తాత చేతిలో టెంకాయల సంచి.

బస్సు దారిలో టైరు పంక్చరై ఆగింది. అందువల్ల పొద్దున చేరవలసినవాళ్ళం నడినెత్తిన ఎండ ఉండగా చేరాం. చెప్పులు సంచిలో పెట్టుకుని దిగాం. మా ప్రాంతంలో ఎండ గురించి గొప్పలు చెప్పుకోవలసిన పని లేదు. తారురోడ్డు కరిగి, బండిచక్రాల అచ్చులు పడి, నల్లగా నిగనిగలాడుతోంది. మా అవ్వ తలమీద కుండతో రోడ్డు పక్క మట్టిలో నడిచింది. నేను నాలుగడుగులు వేసి ఎగరడం మొదలుపెట్టాను. మా తాత మాత్రం రోడ్డు నడుమ, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నిదానంగా నడుస్తున్నాడు.

"యాల ఎగుర్తాండావు పాపా?" అన్నాడు.

"కాల్తాండాది తాతా!"

"నాకేమీ కాల్లేదే. దా, ఎక్కు."

వంగి, నన్ను ఎత్తి ఎడమ భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. కుడిచేత్తో సంచి. నేను ఆయన తల పట్టుకున్నాను. అంత ఎత్తు నుంచి పుంగనూరును అంతకుముందు నేను చూడలేదు. దుకాణాల పైకప్పులు కనిపించాయి. మా మాదిరే మొక్కు మోసుకుపోయేవాళ్ళు నీడ నుంచి నీడకు పరిగెత్తుతున్నారు. మేము మాత్రం ఎండ మధ్యలో తిన్నగా పోతున్నాం. పూలమ్మే ఆమె ఒకతె మమ్మల్ని చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా, అవి కాళ్ళా, కట్టెలా?"

"అమ్మ సల్లగా సూస్తాండాది. నీకేమి తెలుసు," అన్నాడు మా తాత, ఆగకుండానే.

గుడి దగ్గర ఆడవాళ్ళు పసుపునీళ్ళ బిందెలు పెట్టుకుని ఉన్నారు. రోడ్డు మీద ఆయన నడక వాళ్ళూ చూసినట్టున్నారు. ఒకామె వచ్చి ఆయన కాళ్ళమీద నీళ్ళు పోసింది. ఇంకొకామె వంగి ముట్టుకుని కళ్ళకద్దుకుంది. చూస్తుండగానే నలుగురు చేరారు. మా తాత జీవితమంతా చీకటి గుంతలో పనిచేసిన కాళ్ళు అవి. వాటికి ఒకరు మొక్కడం అదే మొదలు. ఆయన వద్దమ్మా వద్దు అంటూనే ఇంకో కాలు ముందుకు పెట్టాడు. మా అవ్వ ఆ రోజు పొంగలి ఎసరు పొంగేటప్పుడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంత సంతోషం మళ్ళీ ఆమె గొంతులో నేను వినలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక మా తాత గడపమీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అరికాళ్ళ నిండా తారు. మా అవ్వ గుడ్డకు కిరసనాయిలు తడిపి, కుడికాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. తారు వచ్చింది. తారుతో పాటు చర్మమూ వచ్చింది. మునివేళ్ళ కింద నుంచి మడమ దాకా, పండు తోలు మాదిరి. అడుగున ఎర్రగా, తడిగా కనిపించింది. మా అవ్వ చెయ్యి ఆగిపోయింది. మా తాత మాట ఆగలేదు. బస్సు కండక్టరు పంక్చరైన టైరుతో ఎట్లా పోట్లాడాడో చెప్పుకుంటూ, గ్లాసులో అడుగున ఉన్న కాఫీ ఊదుకుని తాగుతున్నాడు.

ఎడమకాలికీ బొబ్బలు లేచాయి గానీ అవి వారం పదిరోజుల్లో ఎండిపోయాయి. కుడికాలిది మానలేదు. పసుపు పెట్టారు. ఆకు పసరు పోశారు. వీధి చివర కాంపౌండరు వచ్చి కట్టు కట్టాడు. నొప్పుందా అని అడిగాడు. లేదు అన్నాడు మా తాత. నొప్పి లేదంటే మానిపోతున్నట్టే అన్నాడు కాంపౌండరు. ఆ మాట మా ఇంట్లో మంత్రం అయిపోయింది. వచ్చినవాళ్ళు అడగడం, నొప్పి లేదని ఆయన చెప్పడం, అయితే తగ్గిపోతాండాదిలే అని వాళ్ళు కాఫీ తాగి పోవడం. నొప్పి లేదు కాబట్టి ఆయన మగ్గంలో కూర్చున్నాడు. కట్టు కట్టిన పుండుతోనే చెక్క తొక్కాడు. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. పుండు సంగతి మాకంటే ముందు ఈగలకు తెలిసింది. తర్వాత మా అవ్వ ముక్కుకు తెలిసింది. ఆయనకు మాత్రం చివరిదాకా ఎవరో ఒకరు చెప్పవలసే వచ్చింది.

మా మేనత్త కుప్పంలో ఉండేది. ఆమెకు తెలిసిన ఒక డాక్టరమ్మ అక్కడ ఉందని, వెంటనే తీసుకురమ్మని కబురు పెట్టింది. మా నాయిన సెలవు పెట్టాడు. అవ్వను వదిలి నేను ఉండనని ఏడ్చి నేనూ బయలుదేరాను. పుంగనూరు మీదుగానే పోయింది బస్సు. గంగమ్మ గుడివైపు తిరిగి మా అవ్వ చేతులు జోడించింది. ఏమి అడిగిందో తెలియదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చేతికి గాజులు, మాట మెత్తన. తాతను బల్లమీద పడుకోబెట్టి, పైకప్పు చూడమని, నేను కాలి వేళ్ళు ముట్టుకుంటాను, ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి అంది. దూదితో ముట్టుకుంది. "ఆ," అన్నాడు. మళ్ళీ ముట్టుకుంది. "ఆ." ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. మా నాయిన ముఖంలోకి వెలుగొచ్చింది. డాక్టరమ్మ ఒక నిమిషం ఆయనవైపు చూసి, తన చేతి గాజులను మోచేతి వైపు పైకి నెట్టి బిగించుకుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన గాజుల చప్పుడుకు జవాబు చెబుతున్నాడని. ఈసారి దూది కాదు, సూది తీసుకుంది. బొటనవేలి కింద గుచ్చింది. రక్తపు బొట్టు కనిపించింది. పక్కన ఇంకోచోట గుచ్చింది.

మా తాత పైకప్పునే చూస్తూ కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత మర్యాదగా అడిగాడు.

"ఎప్పుడు మొదలుపెడ్తావమ్మా?"

ఆయన తల తిప్పి ముందు నన్ను చూశాడు. నా ముఖంలో ఏమి ఉందో నాకు తెలియదు. ఆయనకు కావలసింది అక్కడ దొరికినట్టుంది. కిందికి చూడకుండా మళ్ళీ పైకప్పు వైపే తిరిగాడు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఈ జబ్బులో కాళ్ళలో నరాలు పాడవుతాయట. చచ్చిపోయే ముందు అవి అరుస్తాయట. ఆ అరుపే ఆ మంట. లోపల మండుతూ ఉంటుంది, పైన ముట్టుకుంటే తెలియదు, రెండూ ఒకే కాలికి ఒకేసారి ఉంటాయి. అరుపు ఆగిపోయిందంటే బాగైందని కాదు, అరిచేవాళ్ళు ఇక లేరని. పుండు ఎముకదాకా పోయింది, కాలు మోకాలి కింద తీసెయ్యాలి, ఆలస్యమైతే మనిషే దక్కడు అంది.

మా అవ్వ అన్నీ విని ఒకే ఒక మాట అడిగింది. "అయితే మంట తగ్గించింది అమ్మ కాదా?"

బల్లమీది నుంచి మా తాతే చెప్పాడు.

"అమ్మ మీద నింద వెయ్యాకే. నువ్వు అడిగిందే ఇచ్చింది గదా. నొప్పి పోవల్లంటివి, పోయింది. కాలు ఉండల్లని అడిగితివా?"

మా అవ్వ ఏడుస్తూనే ఆయన చేతిమీద ఒకటి వేసింది. ఆ దెబ్బ ఆయనకు తెలిసింది. అబ్బా అన్నాడు. ఆ అబ్బా విని డాక్టరమ్మ కూడా తల వంచుకుంది.

కాలు తీసేశారు. మగ్గం గుంతలోకి దిగాలంటే రెండు కాళ్ళు కావాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరికీ తెలుసు. కుట్లు ఆరేదాకా మా అత్త ఇంట్లోనే ఉన్నాం. అక్కడ ఒక వింత జరిగింది. లేని కాలు మండుతోంది అనేవాడు ఆయన. బొటనవేలు, చిటికెనవేలు పేరుపేరునా చెప్పి మరీ. మా నాయిన నమ్మలేదు. కాలు వెళ్ళిపోయింది గానీ మంట చిరునామా మార్చుకోలేదని మా తాతే నవ్వేవాడు.

అప్పటికి నాలో ఒక ప్రశ్న ముదిరిపోయింది. మా అత్త ఒకరోజు వచ్చినవాళ్ళతో, ఆ ఎండలో పాపను కూడా ఎత్తుకుని నడిచినాడంట అని చెప్పడం నేను విన్నాను. ఆమె మంచికే చెప్పింది, తాత ఎంత ప్రేమగలవాడో చూడండి అని. నాకు అందులో ప్రేమ వినపడలేదు, బరువు వినపడింది. అన్నం మానేశాను. ఎందుకో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం మా తాత పిలిచి మంచంమీద కూర్చోబెట్టుకున్నాడు. అడిగాను. నన్ను ఎత్తుకున్నందుకేనా అని.

ఆయన జవాబు కోసం, నేసేవాడు తెగిన పోగు కొసలు వెతికినట్టు వెతికాడు.

"నిన్ను ఏ బుజం మింద ఎక్కించుకుంటి?"

"ఎడమ."

"పోయింది యా కాలు?"

"కుడి."

"మరి? ఎడమ బుజం మింద కూసున్నోళ్ళ బరువు ఎడమ కాలి మిందే పడ్తాది. అది సూడు, రాయి మాదిర ఉండాది. నీకూ దీనికీ యా సమ్మందమూ లేదు. పోయి అన్నం తిను పో."

పోయి తిన్నాను. నా జీవితంలో విన్న వాదనలన్నింటిలో అంత తిరుగులేనిది ఇంకోటి లేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి ఒకటే చెప్పింది. ఇంక ఆ ఉన్న కాలే ముఖ్యం. దాంట్లో కూడా స్పర్శ లేదు. ఆయనకు తెలియదు కాబట్టి ఆయన కాలికి ఇంకొకరి కళ్ళు కావాలి. రోజూ అరికాలు, వేళ్ళ సందులు చూడాలి. చిన్న గీత కనిపించినా తీసుకురావాలి. మా అవ్వకు కళ్ళలో పొర. అమ్మకు ఇంటిపని, నాయినకు ఆఫీసు. బాగున్న కళ్ళు నావే. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

బడి నుంచి రాగానే ఆయన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. డాక్టరమ్మ గొంతుతో మాట్లాడేదాన్ని. ఆయన రోగి గొంతుతో మూలిగేవాడు. అమ్మా, కాలికి చక్కిలిగింతలు పెడ్తాండావు అనేవాడు, పెట్టకపోయినా, పెట్టినా. మగ్గం గుంతమీద పలకలు వేసి కప్పేశారు. మేము దానిమీదే కూర్చునేవాళ్ళం. ఆయనతో రోజూ అంత సేపు కూర్చునే భాగ్యం నాకు ఆ పుండు వల్లే దొరికింది. ఈ మాట రాయడానికి బాగుండదు గానీ నిజం.

అట్లా ఒక ఏడాది దాటింది. తర్వాత ఒకరోజు నేను వచ్చేసరికి ఆయన కాలికి మేజోడు ఉంది. మా నాయినది, పాతది. చలిగా ఉండాదిలే పాపా, మీ అవ్వ సూసేసింది ఈ పొద్దు అన్నాడు. మరునాడూ అంతే. ఆ మరునాడు కాలుమీద తువ్వాలు కప్పుకుని, కూర్చో, నీకొక కత చెప్తా అన్నాడు. ఎన్నడూ లేనంత మంచి కథలు వచ్చాయి ఆ వారంలో. నేను నమ్మాను. తాత మాట నమ్మకపోతే ఆ వయసులో ఇంకెవరి మాట నమ్మాలి.

జ్వరం వచ్చాక గానీ మేజోడు తియ్యలేదు. మా నాయిన తీశాడు. తీసి, నన్ను బయటికి పొమ్మన్నాడు. మళ్ళీ కుప్పం. పోయేటప్పుడు ఈసారి బస్సు కుదరదని జీపులో పోయారు. వచ్చేటప్పుడు వ్యానులో వచ్చారు. వ్యాను వీధిలోకి తిరిగేటప్పుడే మా అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. బతికున్నవాళ్ళను మా ఊళ్ళో వ్యానులో తీసుకురారు.

ఆ మేజోడు సంగతి మా అవ్వ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. నేను డిగ్రీ చదువుతున్నాను. ఆమెకు ఇక దాచుకునే ఓపిక లేకపోయిందేమో. మడమ దగ్గర పగులు కనిపించిన రోజున తాతే ఆమెతో అన్నాడట.

"పాపకు సూపించొద్దు. ఇది ఆ పాపను మోసిన కాలు అని చెప్పినా గదా. ఇప్పుడు ఇదీ పోతే ఏమనుకుంటాది? మానినాక సూపిద్దాంలే."

మా అవ్వ మడమకు పసుపు పెట్టి, కట్టు కట్టి, మేజోడు తొడిగిందట. ఆయనకు నొప్పి లేదు. నొప్పి లేకపోతే కంగారు దేనికి అనే పాత మంత్రమే వాళ్ళిద్దరికీ మళ్ళీ ధైర్యం చెప్పింది.

నేను డిగ్రీలో ఫిజిక్స్ తీసుకున్నాను. నడిచే మనిషి ఏ భుజం మీద ఏమి మోసినా అది రెండు కాళ్ళమీదా మార్చి మార్చి పడుతుందని లెక్కకట్టి చెప్పగలను. పిల్లలకు చెబుతాను కూడా, జీతం తీసుకుని. అంత సేపు కరిగే తారుమీద నడిస్తే భుజంమీద పాప ఉన్నా లేకున్నా కాళ్ళు కాలేవే అని ఒక డాక్టరు నాకు చెప్పాడు. ఆయన మంచివాడు. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆ నిజం ఆరోజు మంచంమీద నాకు చెప్పివుంటే నేను అన్నం తినేదాన్ని కాదు. మా తాత చెప్పింది అబద్ధం. అన్నం తిన్నాను. ఆ అబద్ధాన్ని కాపాడడానికి ఆయన కాలు దాచుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు కూర్చున్నాను. కోపం కంటే ముందు ఎత్తు మీద నుంచి చూసిన పుంగనూరు వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత కాలాలు మారాయి. రక్తం చూసే మిషన్లు ఇళ్ళకు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం జబ్బు ఉన్నచోటే ఉంది. మా నాయినకు వచ్చింది. మాత్రలు మరవడు, బెల్లం ముట్టడు, చెప్పులు లేకుండా మంచం దిగడు. అయినా పోయిన ఏడు రెండు కాలివేళ్ళు తీసేశారు. నాకూ ఉంది. మా తమ్ముడికీ ఉంది. తెలిసి ఉంటే బాగుపడతాం అనుకునేదాన్ని ఒకప్పుడు. తెలిసి ఉంటే రాబోయేది ముందే తెలుస్తుంది, అంతే.

రోజూ పొద్దున కాలేజీకి పోయే ముందు మా నాయిన కాళ్ళు చూస్తాను. నొప్పేమీ లేదు పోమ్మా అంటాడు. ఆ మాటకు నేను బదులు చెప్పను. కింద కూర్చుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, వెలుగు ఉన్న వైపుకు తిప్పుతాను. ఆయన మా తాత కొడుకు కాబట్టి అప్పుడే ఏదో ఒక తమాషా మాట అంటాడు. బాగుంటుంది కూడా. నాకు నవ్వు వస్తుంది. పెదవులు బిగబట్టుకుని ఇంకో కాలు అడుగుతాను. రెండు అరికాళ్ళూ చూసేదాకా నేను నవ్వను.